పిల్లల ఒంటి ఖర్చు – బరువు లెక్క

(జిల్లా పాల ఉత్పత్తిదారుల యూనియన్ మహిళా సభ్యుల సమావేశంలో ఒక పిల్లల వైద్యులు చేసిన ప్రసంగ పాఠం. సభ్య సంఘాలవారు దీనిని తమ నెలసరి సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.)



పిల్లల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నాలుగు చెబితే ఇంటికి వెళ్ళేసరికి నాలుగూ మరచిపోతారు. అందుకని ఒక్కటే చెప్పదలచుకున్నాను. పసివాడి ఒళ్ళు రోజుకు ఎంత ఖర్చు పెడుతుంది, ఆ ఖర్చుకూ వాడి బరువుకూ సంబంధమేమిటి అన్నదే ఆ సంగతి.

నా దగ్గరకు వచ్చే తల్లులు సాధారణంగా రెండు మాటలంటారు. బక్కపిల్లవాణ్ణి తెచ్చినామె, "వాడి ఒంటి తత్వమే అంతండీ, ఎంత పెట్టినా ఒంటికి పట్టదు" అంటుంది. లావుపాటి పిల్లను తెచ్చినామె, "ఇది గాలి పీల్చినా ఊరిపోతుందండీ" అంటుంది. ఇద్దరూ నేరాన్ని ఒంటి మీదకే నెడతారు. వెనక నిలబడ్డ అత్తగారు తల ఊపుతుంది. నేనూ ఒకప్పుడు తల ఊపినవాణ్ణే. ఆ సంగతి తరవాత మనవి చేస్తాను.

లెక్క మీకు కొత్త కాదు. వట్టిపోయిన గేదెకు మీరు మేత మానేస్తారా? మానరు. పాలివ్వకపోయినా అది ఊపిరి పీల్చాలి, గుండె కొట్టుకోవాలి, ఒళ్ళు వెచ్చగా వుండాలి. దానికయ్యే మేత శరీర పోషణ మేత. పాలకూ, కడుపులో దూడకూ వేసే దాణా ఆపైన. మనిషికీ అంతే. కదలకుండా పడుకున్నా ఒళ్ళు కొంత ఖర్చు పెడుతూనే వుంటుంది. దాన్నే డాక్టర్లు జీవక్రియ రేటు అంటారు. ఇది నిప్పు వంటిదని వట్టి మాటగా అనడం లేదు. 1780 దశకంలో ఫ్రాన్సు దేశంలో లావోయిజే అనే శాస్త్రవేత్త ఒక గినీ పందిని మంచుగడ్డల మధ్య పెట్టి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచాడు. ఊపిరి పీల్చడమంటే నెమ్మదిగా కాలడమే అని తేల్చాడు. మన పెద్దలు జఠరాగ్ని అన్నారు. అయితే ఆ అగ్ని కడుపులో ఒక్కచోటే లేదు, ఒళ్ళంతా వుంది.

ఆ వేడిని కిలో కేలరీలలో కొలుస్తారు. ఒక కిలో నీళ్ళను ఒక డిగ్రీ వేడి చేసేటంత వేడి అన్నమాట. ఇకనుంచి కేలరీ అనే అంటాను. 55 కిలోల మగమనిషి రోజంతా మంచం మీద ఊరికే పడుకుంటే సుమారు 1,500 కేలరీలు ఖర్చవుతాయి. 10 కిలోల పసివాడు అలాగే పడుకుంటే సుమారు 560. "పసివాడి ఖర్చు మూడోవంతే కదా" అనిపిస్తుంది. కానీ కిలోకు ఎంత పడిందో చూడండి. పెద్దవాడికి కిలోకు 27, పసివాడికి 56. రెండింతలు! 20 కిలోల ఆరేళ్ళ పిల్లవాడికి కిలోకు 48 పడుతుంది. పదేళ్ళు దాటాక నెమ్మదిగా పెద్దల లెక్కకు దిగుతుంది.

ఎందుకిలా? పాలకేంద్రంలో చూస్తూనే వుంటారు. కాచిన పాలు 40 లీటర్ల క్యానులో పోస్తే గంటల తరబడి చల్లారవు. చిన్న గ్లాసులో పోస్తే అయిదు నిమిషాల్లో చల్లారిపోతాయి. చిన్న గిన్నెకు లోపల సరుకు తక్కువ, వేడి పోయే పైభాగం ఎక్కువ. చిన్న ఒళ్ళూ అటువంటిదే. పూర్తి కారణం ఇదొక్కటే కాదని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే వున్నారుగాని, చిన్న ప్రాణికి కిలో ఒక్కంటికి ఖర్చు ఎక్కువన్నది మాత్రం తేలిన సంగతి. దాన్ని లెక్కగట్టినవాడు మన పాడివాళ్ళకు బంధువే అనుకోండి. మాక్స్ క్లైబర్ అని స్విట్జర్లాండులో పుట్టి, అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పశుపోషణ శాఖలో పనిచేసినాయన. 1932లో ఆయన ఇచ్చిన సూత్రం ప్రకారం లెక్క వేస్తే, 400 కిలోల ఆవు ఊరికే వుండగా కిలోకు 15, 16 కేలరీలు ఖర్చు పెడితే, 30 కిలోల దూడ కిలోకు 30 దాకా పెడుతుంది. లేగదూడకు రెండు పూటలు పాలు తప్పితే ఎలా వాలిపోతుందో మీకు నేను చెప్పాలా?

ఒళ్ళు చిన్నదవడం ఒక కారణం. పసితనమే మరో కారణం. 2021లో 29 దేశాల నుంచి, ఎనిమిది రోజుల పసికందు మొదలు 95 ఏళ్ళ వృద్ధుల దాకా, 6,400 మందికి పైగా మనుషుల ఖర్చును కొలిచిన లెక్కలు ఒకచోట చేర్చి చూశారు. ఒంటి పరిమాణంలో తేడాను తీసివేసి చూసినా, ఏడాది పిల్ల ఖర్చు పెద్దవాళ్ళకంటే 50 శాతం ఎక్కువ వుంది. ఆ తరవాత ఏటేటా కొద్దికొద్దిగా తగ్గి, 20 ఏళ్ళకు నిలకడకు వస్తుంది. 60 దాకా దాదాపు అంతే.

ఆ ఖర్చంతా ఎక్కడికి పోతోంది? ఎక్కువ భాగం తలలోకి. నాలుగైదేళ్ళ పిల్ల ఊరికే వున్నప్పుడు పెట్టే ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు మెదడే తీసుకుంటుందని 2014లో అమెరికా పరిశోధకులు చూపించారు. మన పెద్దల మెదడు అయిదో వంతుతో సరిపెట్టుకుంటుంది. మెదడు అంత తినే వయసులోనే ఒళ్ళు నిదానంగా పెరుగుతుంది. నాలుగేళ్ళ నుంచి అయిదేళ్ళకు బాగా ఎదిగే పిల్ల కూడా పెరిగేది రెండు కిలోలే. కాబట్టి అయిదేళ్ళ పిల్ల కాస్త సన్నబడి, పొడుగు సాగి, చలాకీగా తిరుగుతుంటే దిగులు పడకండి.

దిగులు పడవలసింది ఏడాది, రెండేళ్ళ లోపు పిల్లల గురించి. పుట్టిన మొదటి నెలలో బిడ్డ తాగిన పాలలో మూడోవంతు ఎదుగుదలకే పోతుంది. ఏడాది నిండేసరికి ఎదుగుదల వాటా నూటికి 3 వంతులకు దిగుతుంది. ఏడాది దాటిన పిల్లకు రోజుకు సుమారు 900 కేలరీలు కావాలి. అందులో ఎదుగుదలకు పోయేది 30 కూడా వుండదు. చిన్న చెంచాడు నెయ్యిలో 45 వుంటాయి. అంటే చెంచాడు నెయ్యంత కూడా కాని దానితో పిల్ల ఎదుగుతోంది. మరి తిండి చాలకపోతే ఒళ్ళు ఏం చేస్తుంది? గుండెను ఆపలేదు, మెదడును ఆపలేదు, ఒంటి వెచ్చదనం ఆపలేదు. ఎదుగుదలను ఆపుతుంది. తరవాత ఆటలు తగ్గిస్తుంది. "మావాడు బుద్ధిమంతుడండీ, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే వుంటాడు, ఏడవనన్నా ఏడవడు" అని ఒక తల్లి చెబితే నాకు గుండె ఝల్లుమంటుంది. ఏడాదిన్నర పిల్లవాడు కూర్చోబెట్టిన చోట కూర్చోకూడదు. వాడి ఒళ్ళు నిప్పు తగ్గించుకుంటున్నదన్నమాట.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒకామె 14 నెలల పిల్లవాణ్ణి తెచ్చింది. 7 కిలోల 200 గ్రాములు. "వాళ్ళ నాన్నా చిన్నప్పుడు పుల్లలాగే వుండేవాడట" అంది. నేనూ నవ్వి, తండ్రి పోలిక అన్నాను. ఆకలి పుట్టడానికి టానిక్కు రాసి పంపాను. ఏం పెడుతున్నావమ్మా అని అడగలేదు. రెండు నెలలకు మళ్ళీ తెచ్చింది. 7 కిలోల 100. రెండు నెలల్లో కిలో కాకపోయినా పావు కిలో అయినా పెరగవలసిన వయసులో వంద గ్రాములు తగ్గాడు. అప్పుడు అడిగాను. తల్లి పాలు రెండు మూడుసార్లు, పొద్దున్నొక గ్లాసు పలుచని జావ, సాయంత్రం ఒక గ్లాసు, నడుమ సగానికి సగం నీళ్ళు కలిపిన పాలు కొద్దిగా. "చిక్కటి పాలు అరగవు కదండీ" అంది. ఇంట్లో రెండు పాడిగేదెలున్నాయి. సంఘానికి రోజూ పాలు పోస్తున్న ఇల్లు.

ఆ లెక్క మీ ముందు వేస్తాను. పిల్లవాడి పొట్ట కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. 8 కిలోల పిల్లకు ఒక్కసారికి 240, అంటే ఒక గ్లాసు. అంతకుమించి పట్టదు. పలుచని జావ గ్లాసుడులో వంద కేలరీలు వుంటే గొప్ప. తల్లి పాల నుంచి వచ్చేది పోను, ఏడాది దాటిన పిల్లకు బయటి తిండి నుంచి 550 దాకా రావాలి. రెండు గ్లాసుల జావతో 200. పొట్ట నిండింది, పిల్ల ఏడవలేదు, కానీ సగం కూడా ముట్టలేదు. అదే గ్లాసుకు సరిపడా మెత్తగా చిదిమిన పప్పన్నం, చెంచాడు నెయ్యి వేసి పెడితే గ్లాసుకు 190 తేలికగా వస్తాయి. మూడుసార్లు పెడితే లెక్క సరిపోతుంది. ఇందులో కొన్న డబ్బా పొడి ఒక్క చెంచా కూడా లేదు, గమనించండి.

పాలలో నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. సంఘంలో లాక్టోమీటరు ముంచి నీళ్ళు కలిశాయంటే పాలు వెనక్కి పంపుతారు, నలుగురిలో తల వంచుకోవాలి. వెన్నశాతం అర పాయింటు తగ్గితే కార్యదర్శిగారితో పోట్లాటకు దిగుతారు. (నవ్వుతున్నారంటే నిజమేనన్నమాట.) మరి అవే పాలు పిల్లవాడి గ్లాసులోకి వచ్చేసరికి మీ చేత్తో మీరే సగం నీళ్ళు పోస్తారు. వంద మిల్లీలీటర్ల గేదె పాలలో 100 కేలరీలకు పైగా వుంటాయి, ఆవు పాలలో 70 దాకా. సగం నీళ్ళు పోస్తే పొట్ట అంతే నిండుతుంది, ముట్టేది సగమే. ఏడాది దాటిన ఆరోగ్యమైన పిల్లకు కాచిన పాలు నీళ్ళు కలపకుండా పట్టవచ్చు. ఏడాది లోపు మాత్రం గేదె పాలు, ఆవు పాలు తల్లి పాల స్థానంలో పోయవద్దు. ఆరు నెలల దాకా తల్లి పాలు తప్ప మరేమీ వద్దు, మంచినీళ్ళు కూడా. తల్లికి పాలు చాలడం లేదనిపిస్తే డాక్టరును అడగండి, ఇరుగుపొరుగును కాదు. ఏడాది దాటినా రోజుకు అర లీటరుకు మించి పాలు పట్టకండి. పాలతోనే పొట్ట నింపుకున్న పిల్ల అన్నం ముట్టదు. పాలలో ఇనుము దాదాపు లేదు గనుక రక్తం పలచబడుతుంది. పాల సంఘం సభలో ఇలా అంటున్నందుకు పెద్దలు క్షమించాలి.

1960లలో పిల్లల బక్కతనానికి మాంసకృత్తుల కొరతే కారణమని ప్రపంచమంతా చెప్పుకున్నది. అప్పుడు హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో డాక్టర్ సి. గోపాలన్ గారు, వారి సహచరులు మన పల్లె పిల్లలు నిజంగా తింటున్నది కొలిచి చూశారు. ముందున్న లోటు మొత్తం తిండిదే, కేలరీలదే అన్నారు. తిండి చాలనప్పుడు తిన్న మాంసకృత్తులను కూడా ఒళ్ళు కట్టెల్లాగా కాల్చేసుకుంటుంది. కడుపు నిండా కందిపప్పన్నం తినే పిల్లకు ఖరీదైన ప్రోటీను పొడితో పనిలేదని నేను ధైర్యంగా చెప్పగలగడం వారి కృషి వల్లనే.

ఇక జ్వరం. "లంఖణం పరమౌషధం" అని మనకు సామెత. పెద్దవాడు ఒక పూట మానేస్తే మునిగిపోయేది లేదు. పసిపిల్లకు ఆ సామెత వర్తించదు. జ్వరం ఫారన్‌హీట్‌లో ఒక డిగ్రీ పెరిగితే ఒంటి ఖర్చు నూటికి 7 వంతులు పెరుగుతుంది. 102 జ్వరమంటే ఖర్చు పావు వంతు పెరిగినట్లే. ఖర్చు పెరిగిన రోజునే తిండి ఆపుతున్నాము! జ్వరంలో పిల్ల తినదు, నిజమే. కొద్దికొద్దిగా మాటిమాటికి పెట్టండి. తల్లి పాలు ఎట్టి పరిస్థితిలో ఆపవద్దు. తగ్గాక రెండు వారాలపాటు రోజుకు ఒకసారి అదనంగా పెట్టండి. ఏడాదిలో నాలుగు జ్వరాలు, రెండు విరేచనాలు వచ్చి, ప్రతిసారీ లంఖణం పెడితే పిల్ల ఎప్పుడు ఎదుగుతుంది?

ఆడపిల్లకు తక్కువ చాలు అనేవాళ్ళు ఈ సభలో లేరనుకుంటాను. అయినా అంకె చెబుతాను. 20 కిలోల మగపిల్లవాడి ఊరకుండే ఖర్చు 960 అయితే అదే బరువు ఆడపిల్లది 890. తేడా 70, అంటే మూడు ముద్దల అన్నం. కంచాల్లో కనిపించే తేడా అంతకంటే పెద్దది.

లావు పిల్లల మాటకు వస్తాను. ఇది పట్నాల జబ్బు అనుకునేవాళ్ళం, ఇప్పుడు పల్లెల్లోనూ చూస్తున్నాను. "దీని ఒంట్లో మంట మందం" అంటారు. కొలిచి చూస్తే ఆ మాట నిలవదు. 30 కిలోల పదేళ్ళ పిల్లవాడు ఊరికే వుంటే 1,190 దాకా ఖర్చు పెడితే, అదే వయసు 50 కిలోలవాడు 1,540 దాకా పెడతాడు. లావుపాటివాడి మొత్తం ఖర్చే ఎక్కువ. కిలోకు లెక్క వేస్తే తక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే కొవ్వు కండలాగా ఖర్చు పెట్టదు. అక్కడే పొరబడతాం. అంత ఖర్చున్నా బరువు పెరుగుతున్నాడంటే అంతకుమించి లోపలికి పోతున్నదన్నమాట. కంచంలో కాదు, కంచం బయట. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకు సీసాలో చాలావాటిలో 30 గ్రాముల పైచిలుకు పంచదార వుంటుంది. పాలు అమ్మిన డబ్బుతో ఆ సీసా కొనడం చూస్తే నాకు ఏమనాలో తోచదు. థైరాయిడ్ గ్రంథి మందగించి లావెక్కే పిల్లలు లేకపోలేదు, కానీ బహు తక్కువ. ఇంట్లోనే ఒక గుర్తు చూడవచ్చు. లావెక్కుతూ పొడుగు కూడా పెరుగుతున్నాడా? అయితే చాలావరకు గ్రంథి దోషం కాదు. పొడుగు ఆగిపోయి, మందకొడిగా వుండి లావెక్కుతుంటే వెంటనే రక్తపరీక్ష చేయించండి. లావు పిల్లలను పస్తు పెట్టవద్దు. సీసాలూ ప్యాకెట్లూ మాన్పించి, ఆటకు వదిలి, బరువు పెరగకుండా నిలిపితే చాలు. పొడుగు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది.

చివరగా కొంచెం ఇబ్బందైన మాట. 1970లో మొదలై 1996 దాకా నడిచిన ఆపరేషన్ ఫ్లడ్ కాలంలోనే ఒక విమర్శ వచ్చింది. పాలన్నీ పట్నానికి పోతున్నాయి, పల్లె పిల్లకు మజ్జిగ కూడా మిగలడం లేదని. పాల డబ్బుతో ఆ ఇల్లు మరింత తిండి కొనుక్కుంటుంది కదా అని దానికి జవాబు. రెండింటిలోనూ నిజముంది. నేను చెప్పిన ఆ 14 నెలల పిల్లవాడి ఇంట్లో పదిహేను రోజులకోసారి బిల్లు వచ్చేది. అది గేదె అప్పు వాయిదాకు, దాణాకు, పెద్దవాడి ఫీజుకు పోయేది. తప్పు ఖర్చేమీ లేదు అందులో. పిల్లవాడి పద్దు ఒక్కటే లేదు. పాలు అమ్మవద్దని నేననను, అన్నా మీరు వినరు, వినకూడదు కూడా. ఏడాది దాటి అయిదేళ్ళ లోపు పిల్ల వున్న ఇంట్లో పూట పాలు పిండగానే ముందు ఆ పిల్ల పావు లీటరు పక్కన పోసి, తరవాత క్యాను మూత పెట్టండి. చిక్కటి గేదె పాలు పావు లీటరంటే 250 కేలరీల పైమాటే. బయటి తిండితో రావలసిన దానిలో దాదాపు సగం. ఆ తల్లి అలాగే చేసింది. జావ మాని పప్పన్నం, నెయ్యి, వారానికి మూడు గుడ్లు పెట్టింది. మూడు నెలలకు పిల్లవాడు 8 కిలోల 300 తూగాడు. తండ్రి పోలిక కాదని తేలింది. టానిక్కు మళ్ళీ రాయలేదు.

గేదె ఏ పూట ఎన్ని లీటర్లిచ్చిందో సంఘం పుస్తకంలో ఏళ్ళ తరబడి వుంటుంది. అర లీటరు తగ్గితే ఆ పూటే పశువుల డాక్టరుకు కబురు పోతుంది. పిల్ల బరువు కూడా అలా రాయించండి. 1975లో మొదలైన అంగన్‌వాడీలలో ఇందుకు త్రాసు, కార్డు రెండూ వున్నాయి. ఏడాదికి మగపిల్లవాడు 9 కిలోల 600, ఆడపిల్ల 8 కిలోల 900 వుంటే నడిమి బరువు. మగపిల్లవాడు 7 కిలోల 700కు, ఆడపిల్ల 7 కిలోలకు తగ్గితే ఆగకుండా డాక్టరు దగ్గరకు రావాలి. కానీ అంకెకంటే గీత ముఖ్యం. బొద్దుగా కనిపించే పిల్ల గీత రెండు నెలలు అడ్డంగా పడుకుంటే అది జబ్బు గుర్తే. చిన్నగా పుట్టిన పిల్ల గీత కింద నుంచే అయినా నెలనెలా పైకి పోతుంటే ఆ తల్లికి నా నమస్కారం.

అధ్యక్షులవారు నా కోరిక మన్నించి అంగన్‌వాడీ త్రాసును పాలకేంద్రం అరుగు మీదకు తెప్పించారు. పిల్లలను ఎత్తుకొచ్చినవారు భోజనాలకు లేవకముందే తూకం వేయించుకుని వెళ్ళండి. కార్డు ఇంట్లో మరచినవారికి కాగితం మీద రాసిస్తాను. పాదరక్షలు, వెండి మొలతాళ్ళు తీసి మరీ తూయండి. పోయినసారి ఒక ఊళ్ళో మొలతాడు బరువును చూసుకుని మురిసిపోయాము.